శాన్‌ఫ్రాన్సిస్కో బేలో మొదటిసారి బోటు తీస్తున్నారా?

ఇండియాలో సెయిలింగ్ నేర్చుకుని ఇక్కడ బోటు అద్దెకు తీసుకుంటుంటే, ముందు బోయాల (నీళ్లలో దారి చూపే తేలే గుర్తుల) రంగులు బుర్రలో తిరగేసి పెట్టుకోండి. మన దగ్గర సముద్రం నుంచి హార్బర్‌లోకి వస్తుంటే ఎర్ర బోయాలు ఎడమ చేతివైపు ఉంటాయి, అమెరికాలో కుడివైపు. ఈ విషయంలో రెండు అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ ఒక జట్టు, మిగతా ప్రపంచం ఇంకో జట్టు. ప్రశాంతంగా కూర్చుని చదువుతుంటే చిన్న సంగతే, కానీ గాలి రేగి టెన్షన్‌లో ఉన్నప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారమే తిప్పేస్తుంది. ‘లోపలికొస్తుంటే ఎరుపు కుడి’ అని టేపు మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించుకోండి, ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. చార్టులో, అంటే సముద్రపు మ్యాపులో, లోతు అడుగుల్లో ఉందో మీటర్లలో ఉందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే అమెరికా చార్టుల్లో తరచూ అడుగులే ఉంటాయి.

అసలు కష్టం ఆటుపోట్లతో. హుస్సేన్ సాగర్‌లో ఆ గొడవే లేదు. ఇక్కడ బే నీళ్లన్నీ గోల్డెన్ గేట్ అనే ఒక్క ఇరుకు సందులోంచే వెళ్లి రావాలి, అందుకే గట్టి రోజుల్లో నీళ్లు సముద్రంలోకి తీసేటప్పుడు ప్రవాహం 4, 5 నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) ఉంటుంది. మీ బోటు 6 నాట్లు పోతే ఎదురీదినప్పుడు మిగిలేది 1, 2 నాట్లే. గోల్డెన్ గేట్ బ్రిడ్జి అక్కడే నిలబడి మిమ్మల్ని చూస్తున్నట్టు ఉంటుంది. చాలామంది పోటు టైము మాత్రమే చూసి బయల్దేరతారు, అది చాలదు: నీటి మట్టం పైకెక్కే టైము, ప్రవాహం ఆగే టైము ఒకటి కావు. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో ప్రవాహాల అంచనాలు విడిగా ఉంటాయి, అవి చూడండి. బోటులోంచి అయితే ఏదైనా బోయాని గమనించండి. ఒక పక్కకి వాలి, నీళ్లు తగిలే చోట నురగ కట్టి, వెనక తోకలా నీటి గీత పడుతుంటే ప్రవాహం ఎటు, ఎంత గట్టిగా ఉందో తెలిసిపోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంకో కథ. కాలిఫోర్నియా లోపలి మైదానం సెంట్రల్ వ్యాలీ వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తే, చల్లటి సముద్రపు గాలి గేటులోంచి లోపలికి దూసుకొస్తుంది, 25 నాట్లు మామూలే. ఆ గాలికి ఎదురుగా నీళ్లు బయటికి పోతుంటే అలలు పొట్టిగా, నిటారుగా లేచి బోటుని కుదిపేస్తాయి. కొత్తవాళ్లు పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేయడమే మంచిది, లేదంటే బేలోని ఏంజెల్ ఐలాండ్ అనే దీవి చాటుకి పోవచ్చు. బర్కిలీ వైపు మాత్రం జాగ్రత్త, లోతు తక్కువ, పైగా 1920ల్లో మైళ్ల పొడవున కట్టిన పాత పియర్ (ఒడ్డు నుంచి నీళ్లలోకి వంతెనలా కట్టిన కట్టడం) శిథిలాలు ఇంకా నీళ్లలో ఉన్నాయి.

ఓక్లాండ్ పోర్టుకి పోయే కంటైనర్ షిప్పులతో పంతం వద్దు. తెరచాపకే ముందు దారి అనే రూలు అక్కడ చెల్లదు, ఇరుకు ఛానెల్‌లో మీరే తప్పుకోవాలి. షిప్పు మీ రెయిలింగ్‌లోని ఒకే కంబం దగ్గర కదలకుండా ఉండి సైజు మాత్రం పెరుగుతుంటే ఢీకొనే దారిలో ఉన్నట్టే. అప్పుడు కొంచెంకొంచెంగా కాదు, అవతలివాళ్లకి కనిపించేలా గట్టిగా పక్కకి తిప్పండి. వరసగా ఐదు పొట్టి హారన్లు వినిపిస్తే మీరేం చేస్తున్నారో వాళ్లకి అర్థం కావట్లేదని, లేదా మీరు ప్రమాదంలో ఉన్నారని.

బోటు రేడియోలో అత్యవసర పిలుపుల ఛానెల్ 16 ఎలాగూ వినాలి. 14 కూడా వింటే షిప్పుల రాకపోకలు చెప్పుకునే మాటలు తెలుస్తాయి, ఏది ఎటు వస్తోందో ముందే పసిగట్టొచ్చు. పొగమంచు కనిపిస్తే అసలు బయల్దేరకండి. 2007 నవంబరులో కాస్కో బుసాన్ అనే పెద్ద షిప్పు, దారి చూపే స్థానిక పైలట్ ఉండి, రాడార్ ఉండి కూడా పొగమంచులో బే బ్రిడ్జిని గుద్దింది.

లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. ఎండ ఎంత కాసినా నీళ్లు సుమారు 12-15 డిగ్రీలే, పడగానే ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినా కాసేపటికే చేతులు పనిచేయవు. 13 ఏళ్లలోపు పిల్లలు చిన్న బోట్లలో అది తొడుక్కోవాలని చట్టమే ఉంది. ఎవరైనా పడితే ఫోను వెతక్కండి, 16లో ‘మేడే’ అని మూడుసార్లు అని, బోటు పేరు, ఎక్కడున్నారు, ఏమైంది, ఎంతమంది ఉన్నారు, ఈ వరసలో చెప్పండి. పడిన మనిషి మీంచి చూపు తిప్పకుండా, వేలు చూపిస్తూ ఉండే పని ఇంకొకరికి అప్పగించండి.