ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌కి కాలేజీల వరుస ఎలా పెట్టాలి

అమెరికా సైన్యం తన ఆఫీసర్లని కాలేజీల్లోనే తయారుచేసుకునే ఆర్‌ఓటీసీ (రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్) స్కాలర్‌షిప్ అప్లికేషన్‌లో అందరూ అన్నిటికంటే తక్కువ ఆలోచించి నింపేది కాలేజీల పేజీ. ఎస్సే పదిసార్లు దిద్దుతారు, పుషప్‌లు నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తారు, ఇంటర్వ్యూకి బట్టలు కూడా ముందే కొని పెట్టుకుంటారు, కాలేజీల దగ్గరికొచ్చేసరికి మాత్రం ర్యాంకుల లిస్టు తెరిచి పైనుంచి కిందకి పేర్లు ఎక్కించేస్తారు. అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ఇది మరీ ఎక్కువ. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న తరం కదా మనది, పెద్ద కాలేజీ ముందు, చిన్నది తర్వాత, ఎక్కడొస్తే అక్కడ చేరిపోదాం అనే లెక్క మనకి అలవాటైపోయింది. కానీ వెబ్ ఆప్షన్లలో వచ్చేది సీటే. ఇక్కడ స్కాలర్‌షిప్ ఇచ్చేది సైన్యం, సీటు ఇచ్చేది కాలేజీ, ఒకరి నిర్ణయంతో ఇంకొకరికి సంబంధం లేదు. ఆ రెండూ ఒకే కాలేజీలో కలిసినప్పుడే డబ్బు చేతికొస్తుంది. వరుస పెట్టేటప్పుడు ఈ ఒక్క విషయం మర్చిపోకుండా ఉంటే సగం పని అయినట్టే.

కొత్తగా వింటున్నవాళ్ళకి రెండు మాటలు. 1916లో వచ్చిన చట్టంతో మొదలైన పద్ధతి ఇది. పిల్లలు మామూలు యూనివర్సిటీలో మామూలు డిగ్రీయే చదువుతారు, దానితోపాటు సైనిక శిక్షణ తీసుకుంటారు, డిగ్రీ పూర్తయ్యాక ఆఫీసర్‌గా చేరతారు. ఆర్మీకి ఒకటి, నేవీకి ఒకటి (మెరైన్స్ కూడా ఇందులోనే), ఎయిర్‌ఫోర్స్‌కి ఒకటి (స్పేస్ ఫోర్స్ కూడా ఇందులోనే), మూడూ వేరువేరు అప్లికేషన్లు. స్కాలర్‌షిప్‌కి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. ఇక్కడ పుట్టిన పిల్లలకి సమస్య లేదు, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి ఈ దారి లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా పౌరసత్వం వచ్చేదాకా స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి భారత్ ఇచ్చేది) ఉన్నవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి: విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకీ, పనిచేసి రిటైరైనవాళ్ళకీ ఓసీఐకి అర్హత లేదని భారత ప్రభుత్వ నిబంధనల్లో ఉంది. అమ్మమ్మ, తాతయ్యలని చూడ్డానికి రావాలంటే రేపు వీసా తీసుకోవాల్సి రావచ్చు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ఇక అసలు విషయం. మూడు సర్వీసులూ కాలేజీల వరుసని ఒకేలా వాడవు, అందుకే ఒకే లిస్టు మూడు చోట్లా అతికిస్తే కుదరదు.

నేవీలో వరుసకి బరువు చాలా ఎక్కువ. ఐదు కాలేజీలు అడుగుతారు, స్కాలర్‌షిప్ వస్తే అందులో ఒక కాలేజీకి కట్టి ఇస్తారు. ఆ కాలేజీలో అడ్మిషన్ రాకపోతే స్కాలర్‌షిప్‌ని ఇంకో కాలేజీకి మార్చమని అడగాలి, అక్కడి యూనిట్‌లో (ఆ కాలేజీ పిల్లలకి శిక్షణ ఇచ్చే ఆర్‌ఓటీసీ విభాగం) ఖాళీ ఉంటేనే అది జరుగుతుంది. మేజర్ (డిగ్రీలో తీసుకునే ప్రధాన సబ్జెక్టు) లెక్క కూడా ఉంది. నేవీ మేజర్లని మూడు టియర్లుగా విడదీసింది, మొదటి దాంట్లో ముఖ్యమైన ఇంజినీరింగ్‌లు, రెండో దాంట్లో మిగతా సైన్స్, మ్యాథ్స్, కంప్యూటర్ లాంటివి, మూడో దాంట్లో మిగిలినవన్నీ. నేవీ ఆప్షన్ స్కాలర్‌షిప్‌లలో కనీసం 85 శాతం మొదటి రెండు టియర్లకే వెళ్తాయి. పైగా ఏ మేజర్ తీసుకున్నా క్యాల్కులస్ రెండు సెమిస్టర్లు, క్యాల్కులస్‌తో చెప్పే ఫిజిక్స్ రెండు సెమిస్టర్లు తప్పవు. మెరైన్ ఆప్షన్‌కి ఈ లెక్కలు వర్తించవు. కాబట్టి కాలేజీ పేరు రాసే ముందు, మీ పిల్లవాడికి కావాల్సిన మేజర్‌లోకి ఆ కాలేజీ నేరుగా తీసుకుంటుందా, లేక మొదటి ఏడాది అయ్యాక మళ్ళీ పోటీ పడాలా అన్నది చూడండి.

ఆర్మీ కూడా కాలేజీల పేర్లు తీసుకుంటుంది, ఆఫర్ కూడా మీరు రాసిన కాలేజీల్లో కొన్నిటికే వస్తుంది. మేజర్ విషయంలో పట్టింపు తక్కువ, నర్సింగ్ మాత్రం వేరే లెక్క. ఎయిర్‌ఫోర్స్‌లో కాలేజీ కన్నా స్కాలర్‌షిప్ రకం ముఖ్యం. టైప్ 1 అంటే ఎక్కడైనా పూర్తి ట్యూషన్, ఇది చాలా కొద్దిమందికే వస్తుంది. టైప్ 2 అంటే ఏడాదికి 18,000 డాలర్ల వరకు. టైప్ 7 అంటే సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్. ఏడాదికి 60,000 డాలర్ల ట్యూషన్ ఉన్న ప్రైవేట్ కాలేజీ మీద ఆశ పెట్టుకుని కూర్చుంటే టైప్ 7 ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది. అందుకే ఎయిర్‌ఫోర్స్‌కి అప్లై చేసే పిల్లలు సొంత రాష్ట్రపు యూనివర్సిటీల్లో డిటాచ్‌మెంట్ (ఎయిర్‌ఫోర్స్ యూనిట్) ఉన్నవి ఏవో ముందే చూసుకుని వాటికి సీరియస్‌గా అప్లై చెయ్యాలి. ఈ నిబంధనలు ఏడాదికేడాది మారుతుంటాయి, పక్కింటి అబ్బాయి రెండేళ్ళ క్రితం చెప్పింది పట్టుకోకుండా ఈ ఏటి అఫీషియల్ పేజీ చదవండి.

అందరూ దాటేసే పాయింట్ ఇంకోటి ఉంది, నా దృష్టిలో ర్యాంకు కన్నా ఇదే ముఖ్యం. కాలేజీకి ఆర్‌ఓటీసీ "ఉంది" అంటే రెండు అర్థాలున్నాయి. యూనిట్ ఆ క్యాంపస్‌లోనే ఉంటే అది హోస్ట్ కాలేజీ. లేదంటే పక్క కాలేజీ యూనిట్‌తో ఒప్పందం ఉంటుంది, దాన్ని క్రాస్‌టౌన్ అంటారు. స్టాన్‌ఫర్డ్‌నే తీసుకోండి, బే ఏరియాలో ఏ తెలుగు ఇంట్లో అడిగినా లిస్టులో మొదటి పేరు అదే. అక్కడి పిల్లలు ఆర్మీ శిక్షణకి శాంటా క్లారా యూనివర్సిటీకి వెళ్తారు, ఎయిర్‌ఫోర్స్‌కి శాన్ హోసే స్టేట్‌కి, నేవీకైతే బే దాటి బర్క్‌లీకి. హార్వర్డ్ పిల్లలు ఎంఐటీకి వెళ్తారు, అదైతే అదే ఊళ్ళో రెండు మైళ్ళు. స్టాన్‌ఫర్డ్ నుంచి బర్క్‌లీ సుమారు 40 మైళ్ళు. ఇప్పుడు ఒక మామూలు రోజు ఊహించుకోండి. ఆరింటికి పీటీ (వ్యాయామ శిక్షణ) ఉంటే నాలుగున్నరకే లేవాలి, చలికాలం చీకట్లో బయల్దేరాలి, చెమటతో తిరిగొచ్చి స్నానం చేసి తొమ్మిదింటి క్లాసుకి పరిగెత్తాలి, ఆ రోజే మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబ్ ఉంటుంది, సాయంత్రం యూనిట్ ల్యాబ్ (సైనిక శిక్షణ క్లాసు) ఉంటే మళ్ళీ అదే దారి. చాలా కాలేజీలు ఫస్ట్ ఇయర్ పిల్లలకి కారు పెట్టుకోనివ్వవు కూడా. ఇవన్నీ చేస్తూ చదివే పిల్లలున్నారు, వాళ్ళ పట్టుదలకి దండం పెట్టాలి, కానీ తెలిసి చేరడం వేరు, ఆగస్టులో చేరాక తెలుసుకోవడం వేరు. క్రాస్‌టౌన్ కాలేజీ పేరు పక్కన మూడు విషయాలు రాసుకోండి: ఎన్ని మైళ్ళు, ఎలా వెళ్తారు, శిక్షణ ఏ ఏ రోజుల్లో. మూడూ నింపలేకపోతే ఆ కాలేజీని కిందకి దించండి.

డబ్బు సంగతి. ఆర్మీ స్కాలర్‌షిప్ పూర్తి ట్యూషన్, ఫీజులకి వాడుకోవచ్చు, లేదా దాని బదులు హాస్టల్, భోజనం ఖర్చుకి ఒక పరిమితి వరకు తీసుకోవచ్చు. దీనితోపాటు పుస్తకాలకి ఏడాదికి 1,200 డాలర్లు, చదువు జరిగే నెలల్లో నెలకి 420 డాలర్లు ఇస్తారు. నేవీ స్కాలర్‌షిప్‌లో ట్యూషన్ వస్తుంది, హాస్టల్, భోజనం రాదు. అంటే "ఫుల్ స్కాలర్‌షిప్" అని బంధువులకి చెప్పుకున్నాక కూడా ప్రైవేట్ కాలేజీలో ఏడాదికి గదికీ తిండికీ పెద్ద మొత్తమే చేతి నుంచి పెట్టుకోవాల్సి రావచ్చు. కొన్ని యూనివర్సిటీలు ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్‌తో వచ్చిన పిల్లలకి ఆ ఖర్చు తామే భరిస్తాయి, కొన్ని వేరే రాష్ట్రపు పిల్లలకి కూడా ఇన్-స్టేట్ ఫీజు (సొంత రాష్ట్రపు పిల్లలకి వేసే తక్కువ ఫీజు) వేస్తాయి. వెబ్‌సైట్‌లో ఒక మూల ఉంటుందేమో గానీ, నేరుగా యూనిట్‌కి ఫోన్ చేసి అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకో లెక్క ఎవరూ వెయ్యరు, సొంత రాష్ట్రంలో ఇన్-స్టేట్ ట్యూషన్ తక్కువగా ఉండి, పిల్లలకి మెరిట్ స్కాలర్‌షిప్ కూడా వస్తే, ఆర్మీ డబ్బుని హాస్టల్ వైపు తిప్పుకుని నాలుగేళ్ళూ దాదాపు ఖర్చు లేకుండా చదివే వీలుంది.

ఎర్లీ డెసిషన్ గురించి గట్టిగా చెప్తున్నా. నవంబర్ మొదట్లో బైండింగ్ అప్లికేషన్ వేసి సీటు వచ్చిందంటే అక్కడే చేరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. స్కాలర్‌షిప్ బోర్డులు మాత్రం ఫాల్ నుంచి స్ప్రింగ్ దాకా విడతలవారీగా కూర్చుంటాయి. డిసెంబర్‌లో ఒక కాలేజీకి కట్టుబడ్డాక, ఫిబ్రవరిలో స్కాలర్‌షిప్ ఇంకో కాలేజీకి వస్తే ఏం చేస్తారు? ఆ కాలేజీ స్కాలర్‌షిప్ లేకపోయినా మీరు కట్టగలిగేదైతేనే, అదే మీ లిస్టులో మొదటిదైతేనే ఎర్లీ డెసిషన్ వెయ్యండి. బైండింగ్ కాని ఎర్లీ యాక్షన్ మాత్రం ధైర్యంగా వేసుకోవచ్చు, ముందే వచ్చిన సీటు టెన్షన్ తగ్గిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే అమ్మాయి, మెకానికల్ ఇంజినీరింగ్ కావాలి, నేవీకి అప్లై చేస్తోంది. నేనైతే ఆమె ఐదు పేర్లు యూటీ ఆస్టిన్, టెక్సస్ ఏ అండ్ ఎం, పర్డ్యూ, జార్జియా టెక్, రైస్ అని పెట్టమంటాను. ఐదింటిలోనూ నేవీ యూనిట్ క్యాంపస్‌లోనే ఉంది, ఐదింటిలోనూ ఇంజినీరింగ్ గట్టిది, రెండు సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలు. ఎంఐటీ ఎందుకు లేదు అని వాళ్ళ నాన్నగారు తప్పకుండా అడుగుతారు. యూనిట్ అక్కడా ఉంది, కానీ సీటు వచ్చే అవకాశం ఎవరికైనా చాలా తక్కువ, ఐదు గళ్ళలో ఒకటి దానికి ఇచ్చేసి మొదటి స్థానంలో పెడితే స్కాలర్‌షిప్ అక్కడ ఇరుక్కుని కూర్చోవచ్చు. అలాంటి పేరు రాయాలని బలంగా ఉంటే ఒకటే రాయండి, పైన మాత్రం వద్దు. యూటీలో ఆటోమేటిక్ అడ్మిషన్ (స్కూల్లో క్లాసు ర్యాంకుతో నేరుగా వచ్చే సీటు) వచ్చినంత మాత్రాన ఇంజినీరింగ్ సీటు గ్యారంటీ కాదు, అది కూడా లెక్కలోకి తీసుకుని మొదటి రెండింటి వరుస ఆ అమ్మాయే తేల్చుకోవాలి. ఏ అండ్ ఎంలో నేవీ యూనిట్‌లో చేరాలంటే కోర్ ఆఫ్ కెడెట్స్‌లో ఉండాలి, అంటే వాళ్ళ హాస్టళ్ళలోనే ఉండటం, క్లాసులకి కూడా యూనిఫాం, మొదటి ఏడాది చాలా కఠినంగా ఉంటుంది. కొంతమంది పిల్లలకి అదే ఇష్టం, అలాంటివాళ్ళు వర్జీనియా టెక్, సిటడెల్, నార్విచ్, వీఎంఐ (వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్) లాంటివి కూడా చూడాలి. కొందరికి మామూలు క్యాంపస్ జీవితం కావాలి. ఇందులో తప్పొప్పులు లేవు, కాకపోతే ఇది అమ్మానాన్నలు తేల్చే విషయం కాదు.

లిస్టు ఖాయం చేసేముందు ప్రతి యూనిట్‌తోనూ మాట్లాడాలి, ఈ ఫోన్ పిల్లలే చెయ్యాలి. ఆర్మీ బెటాలియన్లలో (ఆర్మీ యూనిట్లని ఇలా అంటారు) రిక్రూటింగ్ చూసే ఆఫీసర్ ఒకరు ఉంటారు, కొత్త పిల్లలతో మాట్లాడటమే వాళ్ళ పని, మొహమాటపడక్కర్లేదు. నాన్న లైన్లో ఉండి ప్రశ్నలు అడుగుతుంటే అవతలివాళ్ళకి ఏం అర్థమవుతుందో చెప్పక్కర్లేదు. ఏం అడగాలంటే, మొదటి ఏడాది చేరినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా ఉండి ఆఫీసర్లయ్యారు, ఇంజినీరింగ్ చదివేవాళ్ళు ఎంతమంది, వాళ్ళ ల్యాబ్‌లు యూనిట్ టైమింగ్‌తో ఢీకొంటే ఏం చేస్తారు, చదువులో వెనకబడితే సాయం ఉందా. వీలైతే ఒక పీటీకి, ఒక క్లాసుకి వెళ్ళి చూడమనండి. సీనియర్ కెడెట్లు జూనియర్లతో ఎలా మాట్లాడుతున్నారో ఒక్క పూట చూస్తే వెబ్‌సైట్ మొత్తం చదివినా తెలియనిది తెలుస్తుంది.

మళ్ళీ ర్యాంకుల దగ్గరికే వస్తా, ఎందుకంటే మనవాళ్ళని వదలనిది అదే. ఏ కాలేజీ నుంచి వచ్చినా సెకండ్ లెఫ్టినెంట్ జీతం ఒకటే. ఏ బ్రాంచ్‌లోకి వెళ్తారు, పైలట్ అవుతారా లేదా అనేదాంట్లో జీపీఏ, ఫిట్‌నెస్, యూనిట్‌లో చూపించిన నాయకత్వం లెక్కలోకొస్తాయి. 3.7 తెచ్చుకోగలిగే చోటు వదిలి, 2.8తో కిందా మీదా పడే చోటికి పేరు కోసం వెళ్తే నష్టం పిల్లలకే. కోలిన్ పావెల్ జమైకా నుంచి వచ్చిన దంపతుల కొడుకు, న్యూయార్క్ సిటీ కాలేజీలో జియాలజీ చదువుతూ ఆర్‌ఓటీసీ చేసి 1958లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు, తర్వాత అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పదవి అయిన జాయింట్ చీఫ్స్ చైర్మన్ అయ్యారు. అది ఊరి పిల్లలు ఇంటి నుంచే వెళ్ళి చదువుకునే ప్రభుత్వ కాలేజీ.

ఇంకో పరీక్ష పెట్టి చూడండి: ప్రతి పేరు పక్కనా "ఆర్‌ఓటీసీ లేకపోయినా ఇక్కడ నాలుగేళ్ళు చదువుతానా" అని అడగండి. నాలుగేళ్ళ స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లలు రెండో ఏడాది మొదలయ్యేలోపు ఏ బాధ్యతా లేకుండా బయటికి రావచ్చు. ఆ తర్వాత మానేస్తే డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు, పూర్తి చేస్తే మొత్తం 8 ఏళ్ళ సర్వీస్ బాధ్యత ఉంటుంది, అందులో యాక్టివ్ డ్యూటీ ఎక్కువమందికి నాలుగైదేళ్ళు, పైలట్లకి ఇంకా ఎక్కువ. మోకాలి దెబ్బ తగిలి మధ్యలో ఆగిపోయినవాళ్ళూ ఉంటారు. అప్పుడు మిగిలేది ఆ కాలేజీ, ఆ డిగ్రీ, ఆ ఫీజు.

స్కాలర్‌షిప్ రాకపోయినా లిస్టు వృథా కాదు. సీటు వచ్చిన కాలేజీల్లో యూనిట్ ఉన్నచోట చేరి, స్కాలర్‌షిప్ లేకుండానే ఆర్‌ఓటీసీ మొదలుపెట్టొచ్చు, మొదటి రెండేళ్ళూ సంతకాల బాధ్యత ఏమీ ఉండదు. క్యాంపస్‌లో బాగా చేసినవాళ్ళకి మూడేళ్ళవి, రెండేళ్ళవి అక్కడే ఇస్తుంటారు, చేరిన మొదటి వారంలోనే వాటి గురించి యూనిట్ ఆఫీసులో అడగమని చెప్పండి.