జాకీ లేస్తోంది, బండి లేవట్లేదు: మెత్తనేలలో పాత డోజర్ని ఎత్తి చైను విప్పడం

ధవళేశ్వరం దిగువన రాయి పుట్టదు. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలెట్టినప్పుడు రాయి కోసం ధవళేశ్వరం కొండనే తవ్వుకున్నారు. అక్కణ్ణుంచి సముద్రం దాకా ఉన్నదంతా గోదారి తెచ్చి పోసిన ఒండ్రే. వరికీ కొబ్బరికీ ఇంతకన్నా మంచి నేల దొరకదు. పది పన్నెండు టన్నుల డోజర్ని, అంటే ముందు బ్లేడుతో మట్టి నెట్టే బుల్డోజర్ని, జాకీ మీద ఎత్తడానికి మాత్రం ఇంతకన్నా చెడ్డ నేల ఉండదు.

చేపల చెరువుల గట్లు వేసిన పాత డోజర్లు ఇప్పటికీ మన వైపు తిరుగుతున్నాయి. డీ-50 తరహావి, అంతకన్నా పాతవి, కంపెనీ ఇచ్చిన పుస్తకం ఎప్పుడో పోయినవి. వీటికి చైను (చక్రాల బదులు బండి నడిచే ఇనప పట్టాల వరుస) విప్పాలన్నా, రోలర్ (ఆ చైను మీద బరువు మోసే చిన్న చక్రం) మార్చాలన్నా, స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ళ చక్రం) పని చూడాలన్నా చాలాసార్లు బండిని ఎత్తాల్సి వస్తుంది. ఎత్తేటప్పుడు ఎక్కడ ఏం తేడా వస్తుందో, ఎందుకొస్తుందో, ఏం చేయాలో నా అనుభవం మీద రాస్తున్నాను. మీ బండి పుస్తకం దొరికితే ముందు అది చూడండి, తర్వాత నా మాట.

జాకీ కొడుతున్నాం, బండి లేవట్లేదు

భీమవరం దగ్గర ఓ చెరువు గట్టు మీద కొత్త హెల్పరు నాతో ఇదే అన్నాడు: "మేస్త్రీ గారూ, జాకీ బాగానే లేస్తోందండీ, బండే లేవట్లేదు." జాకీ కాదురా, నేల చూడు అన్నాను. జాకీ కింద పెట్టిన చెక్క అప్పటికే జానెడు లోపలికి దిగిపోయింది.

కారణం లెక్క వేస్తే తేలిపోతుంది. చైన్ల మీద నిలబడ్డ డోజర్ నేల మీద వేసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి అర కిలో అటూ ఇటూ. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి వేసేదీ ఇంచుమించు అంతే. అందుకే అంత బరువు బండి బురదలో నడుస్తుంది. అదే బండిని ఒక కొస నుంచి ఎత్తితే సుమారు సగం బరువు, అంటే ఆరు టన్నులు, జాకీ అడుగు మీదకొస్తుంది. ఆ అడుగు ఆరంగుళాల చదరం. చదరపు సెంటీమీటరుకి పాతిక కిలోలు దాటిపోతుంది. తడి ఒండ్రు దాన్ని ఎక్కడ ఆపుతుంది?

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప ప్లేట్లు రెండు చేయించుకోండి. ఒక్కోటి 70 కిలోలు ఉంటుంది, ఇద్దరు మోస్తారు. పక్కపక్కన వేస్తే నాలుగడుగుల చదరం అవుతుంది. అదే ఆరు టన్నులు దాని మీద సమంగా పరుచుకుంటే చదరపు సెంటీమీటరుకి అర కిలో లోపే, అంటే చైను వేసిన ఒత్తిడి కన్నా ఎక్కువ కాదు. అయితే ప్లేటు మీద నేరుగా జాకీ పెడితే ప్లేటు మధ్యలో పళ్ళెంలా వంగుతుంది, అంచులు బరువు మోయవు. కాబట్టి ప్లేట్ల అతుకుకి అడ్డంగా రైలు స్లీపరు ముక్కలు నాలుగు, వాటి మీద మళ్ళీ అడ్డంగా ఇంకో వరుస, ఆ పైన జాకీ. తొమ్మిదడుగుల పాత చెక్క స్లీపర్ని రెండుగా కోయిస్తే సరిగ్గా సరిపోతుంది.

ఎండాకాలంలో నేలని నమ్మడం ఇంకో పొరపాటు. కాలువలు కట్టేశాక మే నెలలో చేను నెర్రెలిచ్చి రాయిలా కనిపిస్తుంది. ఆ గట్టితనం పైపైనే. గునపం పెట్టి పొడిచి చూడండి, అడుగు లోతు దిగాక ఒక్కసారిగా మెత్తగా పోతే కింద బురద ఉన్నట్టే. పై పెచ్చు విరిగితే జాకీ మెల్లగా దిగదు, ఒక్క ఉదుటున దిగుతుంది. గట్టు అంచున అయితే అసలు ఎత్తవద్దు. బండి నడిచే స్థితిలో ఉంటే కంకర రోడ్డు మీదకో, రైసు మిల్లు ఆవరణలోకో తీసుకెళ్ళండి. అరరోజు పోయినా నష్టం లేదు.

కింద పెట్టిన చెక్క నలుగుతోంది, చీలుతోంది

మన దగ్గర చేతికందేది కొబ్బరి మొద్దు. దాన్ని నేల మీద పరుపులా పరవడానికి వాడండి, అభ్యంతరం లేదు. బరువు మోసే కట్టులో, అంటే బండి కింద అడ్డంగా నిలువుగా పేర్చే చెక్కల దొంతరలో, మాత్రం వద్దు. లోపల పీచు, తడి. నలుగుతూ నలుగుతూ ఒక పక్కకి జారుతుంది. తాటి దూలం పైన ఇనుములా ఉన్నా నిలువునా చీలుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు. చెక్క విరిగే ముందు చప్పుడు చేస్తుంది, ఇటుక చెప్పాపెట్టకుండా పొడి అవుతుంది. తుమ్మ, మద్ది, పాత స్లీపర్లు ఇవే నమ్మదగినవి. కట్టు ఎత్తు దాని అడుగు వెడల్పుని మించనీయకండి. పుస్తకాల్లో గట్టి నేలకి ఇంతకన్నా ఎక్కువ ఎత్తు ఒప్పుకుంటారు, మనది గట్టి నేల కాదు.

జాకీ పక్కకి వాలుతోంది

బండి ఒక కొస లేస్తున్నప్పుడు నిట్టనిలువుగా లేవదు. నేల మీద ఉన్న రెండో కొస చుట్టూ తలుపులా తిరుగుతుంది. జాకీ తల ఆనిన చోటు కొంచెం కొంచెంగా పక్కకి జరుగుతుంది. జాకీ అడుగు కదలదు కాబట్టి వాలుతుంది. ఇంకో కారణం, బండే ముందుకో వెనక్కో పాకడం. బ్రేకు పెడలు లాకు వేశామనుకుంటాం, లాకు పళ్ళు అరిగి ఉంటాయి.

రెండో కొసన చైను ముందూ వెనకా చెక్క ఆప్‌లు సమ్మెటతో బిగించండి. రెండు మూడు అంగుళాలు లేవగానే ఆగి, కట్టు నింపి, బండిని కట్టు మీదకి దించి, జాకీని వదులు చేసి మళ్ళీ నిలువుగా పెట్టండి. విసుగు పుట్టే పని, ఒప్పుకుంటాను. వాలిన జాకీని సమ్మెటతో కొట్టి సరిచేసేవాళ్ళని చూశాను. బరువు కింద ఉన్న జాకీని తాకనే కూడదు.

జాకీ తల, బండి ఇనుము ఒకదానికొకటి నేరుగా తగిలితే నూనె మరక చాలు జారడానికి. మధ్యలో పల్చటి గట్టి చెక్క పెట్టండి. ఆనించే చోటు కూడా చూసుకోండి: వెనక డ్రాబార్ (వేరే బండిని తగిలించి లాగే కమ్మి) బిగించిన దిట్టమైన పోత భాగం, ముందు మెయిన్ ఫ్రేము అడ్డ కమ్మి. ఇంజను కింది రేకు గార్డు వద్దు, అది బురద తగలకుండా పెట్టింది, బరువు మోయడానికి కాదు. ఆరు టన్నులు ఎత్తడానికి పది టన్నుల జాకీ చాలదా అంటారు. ఇరుసు బిగుసుకుపోయిన పాత బండికి, బ్లేడు ముందుకి లాగే బరువుకి ఇరవై టన్నులదే పెట్టండి.

ఎత్తి వదిలేస్తే పొద్దున్నకి దిగిపోయింది

ఇది నాకే జరిగింది. కొల్లేరు పక్కన సాయంత్రం దాకా పనిచేసి, బ్లేడుతో ముందు భాగం ఎత్తి, కింద ఒక్క చెక్క పెట్టి ఇంటికొచ్చేశాను. పొద్దున్నే వెళ్ళేసరికి ఆ చెక్క మట్టిలో కూరుకుపోయి ఉంది, బండి యథాస్థానానికి వచ్చేసింది. రాత్రి దాని కింద ఎవరూ లేకపోవడం అదృష్టం. ఓ కుక్క పడుకునేదట అక్కడ, ఆ రాత్రి ఎటో పోయింది.

బ్లేడుని కిందకి నొక్కితే ముక్కు లేస్తుంది నిజమే, మంచి సౌకర్యం కూడా. కానీ బ్లేడుని పట్టి ఉంచేది సిలిండర్లో నూనె. పిస్టన్ సీలు, కంట్రోల్ వాల్వు అరిగిన బండిలో ఆ నూనె మెల్లగా జారిపోతుంది. జాకీ సంగతీ అంతే. మీ బండి ఎంత జారుతుందో తెలియాలంటే, ఎవరూ కిందకి వెళ్ళకుండా, సిలిండర్ రాడ్డు మీద సుద్దగీత పెట్టి పావుగంట చూడండి. గీత కదిలినా కదలకపోయినా చేయాల్సింది మాత్రం ఒక్కటే: కట్టు పేర్చి, బరువంతా కట్టు మీదకి దించి, ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పాకే మనిషి కిందకి వెళ్ళాలి. ఎత్తడానికి జాకీ, నిలపడానికి చెక్క.

మరీ పాత బండ్లలో బ్లేడుని తాడు, వించి లాగుతాయి. ఆ బ్లేడు తన బరువుతో దిగుతుందే గాని నేలని నొక్కలేదు. దానితో ఎత్తుదామని చూడకండి.

బండి లేచింది, చైను మాత్రం నేలనే ఉంది

జాకీ మెయిన్ ఫ్రేము కింద పెట్టారు కదా. చైనూ రోలర్లూ ఉన్న ట్రాక్ ఫ్రేము వెనక ఇరుసు దగ్గర తిరిగేలా, ముందు అడ్డ కమ్మి మీద ఊగేలా బిగించి ఉంటుంది. మెయిన్ ఫ్రేము లేస్తుంటే అది కిందకి వేలాడుతుంది, దాని హద్దు దాకా వెళ్ళాకే లేస్తుంది. ఇంకా జాకీ కొట్టి ఎత్తు పెంచేకన్నా, లేచినంత మేర ట్రాక్ ఫ్రేము కిందా విడిగా కట్టు పెట్టండి. చైను పట్టాల పళ్ళు నేల నుంచి రెండంగుళాలు పైకుంటే చాలు. చైను మొత్తం తీసేయడానికే అయితే ఎత్తాల్సిన పనే లేదు. చైను విప్పి నేల మీద పరిచి, ముందుగా వేసిన దిమ్మల మీదకి బండిని మెల్లగా నడిపితే సరి. చైను విడిన వైపు బ్రేకు పనిచేయదని ఆపరేటరుకి ముందే చెప్పండి, వాలులో ఈ పని పెట్టుకోకండి.

చైను వదులు కావట్లేదు

మన నేలలో దీనికి మొదటి కారణం బురదే. స్ప్రాకెట్ పళ్ళ సందుల్లో, ఐడ్లర్ (చైను ముందు కొసన తిరిగే పెద్ద చక్రం) జారే గాడిలో ఒండ్రు ఇరుక్కుని ఎండితే ఇటుకే. గడ్డీ గాదం చుట్టుకుంటే ఇంకా గట్టి. చైను బిగుతుగా కనిపించేది గ్రీజు వల్ల కాదు, మట్టి వల్ల. చాలాసార్లు నీళ్ళ పంపు పెట్టి గంటసేపు కడిగితే సగం బిగుతు పోతుంది. రొయ్యల చెరువుల్లో తిరిగిన బండికి ఉప్పు తుప్పు అదనం.

కడిగాకా వదులు కాకపోతే గ్రీజు వాల్వు. ఐడ్లర్ని ముందుకి నెట్టి చైను బిగించేది ఒక సిలిండర్లో కొట్టిన గ్రీజే, దాన్ని బయటికి వదిలేది ఈ వాల్వు. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి. ఆ సిలిండర్లో గ్రీజు విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది, దాని వెనక టన్నుల బలంతో నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంటుంది. వాల్వుని ఒక్క చుట్టు మాత్రమే వదులు చేయాలి. ముఖం, చెయ్యి దాని ఎదురుగా ఉండకూడదు. గ్రీజు రాకపోతే ఇంకో రెండు చుట్లు తిప్పుదామనిపిస్తుంది. వద్దు. పూర్తిగా విప్పితే వాల్వు తూటాలా వస్తుంది. బండి కట్టు మీద లేకుండా నేల మీదే ఉంటే కొంచెం ముందుకీ వెనక్కీ కదపండి. గడ్డకట్టిన గ్రీజు అలా కదులుతుంది. గ్యాస్ మంట పెట్టి కాల్చడం, సిలిండరుకి కంత వేయడం చేయొద్దు. స్ప్రింగు విప్పే పని దానికి తగిన ప్రెస్ ఉన్న వర్క్‌షాపుదే.

గ్రీజు చిమ్మి చర్మంలోకి దిగితే పైకి చీమ కుట్టినట్టు చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. లోపల కండ చెడిపోతూ ఉంటుంది. పసుపు అద్ది పని కొనసాగించకండి, వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళి గ్రీజు గన్ ఒత్తిడితో దిగిందని చెప్పండి.

మాస్టర్ పిన్ రావట్లేదు

చైను రెండు కొసల్నీ కలిపేది మాస్టర్ పిన్, అది తీస్తేనే చైను విడుతుంది. ముందుగా అది మాస్టర్ పిన్నేనా అని చూడండి. మిగతా వాటికి లేని చిన్న గుంటో, గుర్తో దాని కొసన ఉంటుంది. తుప్పు గీకకపోతే కనపడదు. వేరే పిన్నుని సమ్మెటతో బాదుతూ పూట గడిపినవాళ్ళున్నారు. ఆ పిన్ను ముందు ఐడ్లర్ ఎదురుగా, దాని మధ్య ఎత్తుకి వచ్చేలా బండిని ఆపి, కింది పట్టాల దగ్గర చెక్క బిగించండి. పిన్ను మీద లాగుడు ఉంటే ప్రెస్ పెట్టినా రాదు. చైను వదులు చేశాకే ప్రయత్నించండి.

చేత్తో ఎత్తగలిగే హైడ్రాలిక్ ప్రెస్ అద్దెకి దొరికితే అదే మేలు. సమ్మెటే గతి అయితే, డ్రిఫ్టుకి (పిన్ను మీద ఆనించి సమ్మెటతో కొట్టే ఇనప ముక్కకి) పొడవాటి కమ్మి వెల్డింగ్ చేయించి దూరంగా పట్టుకోండి. గట్టిపరచిన ఇనుము పెచ్చులు లేస్తుంది, కళ్ళద్దాలు లేకుండా దగ్గర నిలబడవద్దు. పిన్ను బయటికి రాగానే పై చైను ఐడ్లర్ మీంచి ఒక్కసారిగా జారుతుంది, వందల కిలోల బరువు. దాని ముందు ఎవరూ ఉండకూడదు, ఫోనులో వీడియో తీసే కుర్రాడు కూడా.

తిరిగి బిగించాక మళ్ళీ వదులవుతోంది

గ్రీజు కొట్టిన మర్నాటికే చైను వేలాడితే సిలిండర్ సీలు పోయింది, లేదా వాల్వు కూర్చునే చోట మట్టి పడింది. వాల్వు చుట్టూ తడిగా గ్రీజు ఉంటే రెండోది. బిగుతు కొలవడానికి ఐడ్లర్ మీదా పై రోలర్ మీదా ఉన్న చైనుకి ఓ తిన్నని కమ్మి ఆనించి మధ్యలో చైను ఎంత కిందకి ఉందో చూస్తారు. చాలా పాత డోజర్లకి అది 20 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బురదలో పనిచేసే బండికి వదులు వైపే ఉంచండి. బురద నిండాక అదే బిగుస్తుంది.

దించాక ప్లేట్లు మట్టిలోంచి రావట్లేదు

తడి ఒండ్రు ప్లేటుని పీల్చి పట్టుకుంటుంది. నలుగురు గునపాలు పెట్టినా కదలదు. చేయించేటప్పుడే ఒక మూల షాకిల్ (గొలుసు తగిలించే ఇనప కొక్కెం) పట్టేంత కంత వేయించండి. ఆ కొస కింద కాస్త నీళ్ళు పోసి, గొలుసు తగిలించి, బాగుచేసిన ఆ డోజర్తోనే పక్కవాటుగా లాగిస్తే చప్పుడు చేస్తూ ఊడొస్తుంది.