బైక్ రీకాల్ అయిందా? ఫోన్ కోసం చూడకండి, ఛాసిస్ నంబర్ తీయండి

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండిని పద్నాలుగు నెలలు హాయిగా తిప్పాను. ఒకరోజు ఆయిల్ మార్పిద్దామని షోరూమ్ సర్వీస్‌కి తీసుకెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు నంబర్ కొట్టి, "సార్, దీనికి పెట్రోల్ పైపు రీకాల్ పెండింగ్ ఉంది, చేయించుకోలేదా?" అన్నాడు. రీకాల్ అంటే లోపం ఉన్న పార్టును సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం. పార్కింగ్‌లో అప్పుడప్పుడు పెట్రోల్ వాసన వస్తే పక్కింటి వాళ్ల స్కూటీ అనుకునేవాణ్ని, అదే బండి మీద రోజూ పాపని స్కూల్లో దింపేవాణ్ని కూడా. కంపెనీ మెసేజ్ పంపకపోలేదు, పంపింది, కాకపోతే మొదటి ఓనర్ ఫోన్‌కి. ఏ కంపెనీ అని అడక్కండి, ఏ కంపెనీ బండికైనా ఇలాగే జరుగుతుంది. ఆ రోజు నుంచి తెలిసినవాళ్లు ఎవరు బండి కొన్నా, అమ్మినా ఈ గోల వినిపిస్తూనే ఉన్నాను, ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ముందు ఒక మాట. రీకాల్ అనగానే బండి మొత్తం చెత్త అని కంగారు పడక్కర్లేదు, "మన బండి బాగానే నడుస్తోందిగా" అని వదిలేయనూ కూడదు. చాలాసార్లు జరిగేది ఏంటంటే, బయట నుంచి వచ్చిన ఒక పార్టు కొన్ని నెలల పాటు సరిగ్గా తయారు కాలేదని కంపెనీకి తర్వాత తెలుస్తుంది, ఆ నెలల్లో ఆ పార్టు బిగించిన బండ్లన్నిటినీ వెనక్కి పిలుస్తారు. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బండ్లను ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు అందించే పార్టు) కోసం పిలిచింది, మీటియర్, క్లాసిక్, బుల్లెట్ 350లు. మీటియర్ అయితే 2020 డిసెంబర్ నుంచి 2021 ఏప్రిల్ మధ్య తయారైనవి, మిగతా రెండూ 2021 జనవరి నుంచి ఏప్రిల్ మధ్యవి. ఇంజిన్ మిస్ అవడం, పికప్ తగ్గడం, ఎక్కడో ఒకటీ అరా బండిలో షార్ట్ సర్క్యూట్ కావడం దాకా రావచ్చన్నారు. అన్నిట్లో పది శాతం కంటే తక్కువ బండ్లకే కాయిల్ మార్చాల్సి రావచ్చని కంపెనీయే చెప్పింది. ఆ పది శాతంలో మనది ఉందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చలేం కాబట్టి చూపించుకోవాలి, అంతే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వార్తలో వచ్చే తేదీలు బండి తయారైన తేదీలు, మనం కొన్న తేదీ కాదు. ఫ్యాక్టరీలో డిసెంబర్‌లో తయారై, షోరూమ్‌లో నిలబడి, ఉగాదికి మన ఇంటికొచ్చిన బండి డిసెంబర్ బండే. తయారైన నెల, సంవత్సరం ఆర్‌సీలో ఉంటాయి. మోడల్ పేరు ఒకటైతే చాలదు, వేరియంట్ కూడా చూడాలి. అదే 2021 చివర్లో కొత్త క్లాసిక్ 350లు 26,300 దాకా వెనక బ్రేకు దగ్గరుండే ఒక బ్రాకెట్ కోసం రీకాల్ అయ్యాయి, అవి సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 5 మధ్య తయారైనవి, అదీ సింగిల్ ఛానల్ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు ముందు చక్రానికి మాత్రమే), వెనక డ్రమ్ బ్రేకు ఉన్నవి మాత్రమే. వెనక డిస్క్ ఉన్నవాళ్లు ఊరికే టెన్షన్ పడ్డారు, డ్రమ్ ఉన్నవాళ్లలో కొందరు వార్తే చూడలేదు.

అందుకే అసలు తాళం చెవి ఛాసిస్ నంబర్. 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది, ఆర్‌సీలో ఉంటుంది, డిజీలాకర్‌లో ఆర్‌సీ పెట్టుకుంటే అక్కడా కనిపిస్తుంది, చాలా మోటార్ సైకిళ్లకి హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టి ఉంటుంది (స్కూటర్లకి చోటు మారుతుంది, మాన్యువల్లో చూడండి, లేదా మెకానిక్‌ని అడిగితే క్షణంలో చూపిస్తాడు). బురద తుడిచి ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. టైప్ చేసేటప్పుడు ఒక చిట్కా: ఛాసిస్ నంబర్‌లో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నా, నిలువు గీతలా ఉంటే ఒకటి. ఇది తెలియక "నంబర్ తప్పు" అని వస్తే వెబ్‌సైట్‌ని తిట్టుకునేవాళ్లు బోలెడు మంది.

చాలా పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో ఈ నంబర్ కొడితే రీకాల్ ఉందో లేదో చెప్పే పేజీ ఉంటుంది. అక్కడ వచ్చిన జవాబుని, ఉన్నా లేకపోయినా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పేజీ దొరక్కపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నంబర్ చదివి చెప్పండి, వాళ్లిచ్చే రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. వాహన కంపెనీల సంఘం సియామ్ 2012 నుంచి స్వచ్ఛంద రీకాల్ పద్ధతి నడుపుతోంది, వాళ్ల సైట్లోనూ ఏ కంపెనీ ఏ మోడల్‌ని పిలిచిందో ఉంటుంది. అమెరికాలో ఉండి బైక్ నడిపేవాళ్లకైతే పని ఇంకా సులువు, అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో నంబర్ కొడితే చాలా కంపెనీల బండ్ల సంగతి ఒక్కచోటే తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. "మీ బండి రీకాల్ అయింది, ఈ లింక్ నొక్కి 499 కట్టి స్లాట్ బుక్ చేసుకోండి" లాంటి మెసేజ్ వస్తే నొక్కకండి. రీకాల్ పని కంపెనీ ఖర్చుతో జరగాలి, మన దగ్గర ముందే డబ్బు అడిగాడంటే వాడు వేరే బాపతు.

సరే, మన బండి ఉందని తేలింది. ఇప్పుడు నడపొచ్చా? దీనికి అందరికీ ఒకే జవాబు లేదు, ఏ పార్టు అన్నది చూడాలి. బ్రేకు, స్టీరింగ్, చక్రం, పెట్రోల్ లీకు, బ్యాటరీ, ఈ ఐదింట్లో ఏదైనా అయితే నా మట్టుకు నేను బండి స్టాండ్ వేసేస్తాను, కంపెనీ వాళ్లనే వచ్చి తీసుకెళ్లమంటాను. వాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అడగడం మాత్రం మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో అడగండి, ఫోన్లో అన్నమాట గాలికి పోతుంది. చిన్నదిగా కనిపించేది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2023 డిసెంబర్‌లో హోండా తన సీబీ350 బండ్లను పిలిచిన కారణాల్లో ఒకటి వెనక బ్రేక్ లైట్ స్విచ్. లైటే కదా అనిపిస్తుంది, కానీ రాత్రి హైవే మీద మనం బ్రేకు వేసినట్టు వెనక లారీకి తెలియకపోతే పరిస్థితి ఏంటో ఆలోచించండి. సర్వీస్ తేదీ దొరికే దాకా రోజూ బయల్దేరే ముందు గోడకి వెనక్కి తిప్పి పెట్టి ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి, గోడ మీద ఎర్ర వెలుగు పడుతోందో లేదో చూసుకోండి. అర నిమిషం పని.

ఎలక్ట్రిక్ బండ్ల విషయంలో మాత్రం నేను మొండిగానే ఉంటాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ నెలలోనే హైదరాబాద్‌కి చెందిన ప్యూర్ ఈవీ 2,000 బండ్లను, ఒకినావా 3,215 బండ్లను, ఓలా 1,441 బండ్లను వెనక్కి పిలిచాయి. బ్యాటరీ రీకాల్ అని తెలిసిన క్షణం నుంచి ఆ బ్యాటరీ ఇంట్లోకి రాకూడదు. పడకగది మూల, మెట్ల కింద, అపార్ట్‌మెంట్ మీటర్ బోర్డుల పక్కన అసలే వద్దు. కంపెనీ చూసి సరే అనే దాకా ఛార్జింగ్ ఆపేసి, బండిని ఆరుబయట పెట్టండి. ఆఫీసుకి వారం రోజులు బస్సులో వెళ్తే పోయేదేం లేదు.

సర్వీస్ సెంటర్‌కి ఊరికే వెళ్లిపోకండి. ముందు ఫోన్ చేసి, ఛాసిస్ నంబర్ చెప్పి, "పార్టు మీ దగ్గర స్టాక్ ఉందా?" అని అడగండి. రీకాల్ ప్రకటించిన మొదటి వారాల్లో పార్టులు అన్ని ఊళ్లకీ చేరవు, పల్లె నుంచి యాభై కిలోమీటర్లు వచ్చి "వచ్చే నెల రండి సార్" అనిపించుకునే బాధ నేను చూశాను. బండి ఎక్కడ కొన్నారన్నది పట్టింపు కాదు, బెంగళూరులో కొన్న బండిని ఖమ్మంలో ఆ కంపెనీ సొంత సర్వీస్ సెంటర్లో చేయించుకోవచ్చు. వారంటీ అయిపోయిందని, బయట మెకానిక్ దగ్గర సర్వీస్ చేయించారని చెప్పి తప్పించుకోబోతే ఒప్పుకోకండి. కంపెనీ ఇచ్చిన రీకాల్ ప్రకటన ఫోన్లో తెరిచి చూపించండి, వారంటీతో సంబంధం లేకుండా ఉచితమని అందులోనే ఉంటుంది చాలాసార్లు. అదనపు లైట్ల కోసం వైరింగ్ కోసి అతికించిన బండ్లతో కొంచెం పేచీ వస్తుంది. వీలైతే వెళ్లే ముందే వాటిని పీకించేయండి.

కౌంటర్ దగ్గర జాబ్ కార్డు (బండికి ఏ పని చేస్తున్నారో రాసే కాగితం) రాయించుకోవడమే అసలు పని. అందులో రీకాల్ అన్న మాట, పార్టు పేరు, కిలోమీటర్ల రీడింగ్ ఉండాలి. "జనరల్ చెకప్" అని రాసి ఊరుకుంటే రేపు మన దగ్గర రుజువేమీ ఉండదు. ఎలాగూ వచ్చారు కదా అని ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, టెఫ్లాన్ కోటింగ్, పాలిష్ అంటూ మొదలుపెడతారు. కావాలంటే చేయించుకోండి, కానీ దానికి వేరే జాబ్ కార్డు వేయమనండి, రెండూ కలిపితే బిల్లులో లేబర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. రీకాల్ బిల్లు సున్నా రావాలి. వాటర్ వాష్ పేరుతో వంద రూపాయలు వేసినా అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. పాత పార్టు వాళ్లు కంపెనీకి తిప్పి పంపాల్సి ఉంటుంది కాబట్టి ఇవ్వకపోవచ్చు, ఒకసారి చూపించమని ఫోటో తీసుకోండి. "చెక్ చేశాం, బాగానే ఉంది, మార్చక్కర్లేదు" అన్నారనుకోండి, ఆ ముక్కే జాబ్ కార్డు మీద రాసి సంతకం, స్టాంపు వేయమనండి. నోటితో చెప్పినంత ధైర్యంగా పెన్ను పట్టుకుని రాయరు కొందరు, అప్పుడు మళ్లీ బండి కింద కూర్చుని చూస్తారు! ఓ వారం ఆగి వెబ్‌సైట్లో మళ్లీ నంబర్ కొట్టండి, ఇంకా పెండింగ్ అని చూపిస్తుంటే జాబ్ కార్డు ఫోటో కంపెనీకి మెయిల్ చేయండి.

పని చేయకుండా మనల్ని ఊరికే తిప్పుతూ ఉంటే? సర్వీస్ సెంటర్ మేనేజర్‌తో వాదించి గొంతు పోగొట్టుకోకండి, తిన్నగా కంపెనీకి మెయిల్ పెట్టండి, ఎన్నిసార్లు వెళ్లారో తేదీలతో సహా. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడుందన్నది అనవసరం, కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, కాకపోతే రెండేళ్ల గడువు మర్చిపోవద్దు. రీకాల్ రాకముందే ఆ పార్టు పాడై మీ డబ్బుతో మార్పించి ఉంటే ఆ బిల్లు వెతికి పట్టుకుని డబ్బు వెనక్కి అడగండి. అడిగితే పోయేదేముంది.

కంపెనీ అసలు రీకాలే ప్రకటించలేదు, కానీ మీకూ, మీలాంటి ఇంకో పదిమందికీ అదే లోపం వస్తోంది అనుకోండి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి 110ఏ సెక్షన్ తెచ్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బండ్లకి ఇవి వర్తిస్తాయి. తగినన్ని ఫిర్యాదులు వస్తే కేంద్రం పరీక్ష చేయించి, కంపెనీ చేత బలవంతంగా రీకాల్ చేయించొచ్చు, 10 లక్షల నుంచి కోటి దాకా జరిమానా కూడా ఉంది. కాబట్టి వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటూ కూర్చోకుండా ఎవరికి వాళ్లు రవాణా శాఖ పోర్టల్‌లో రీకాల్ ఫిర్యాదు పెట్టండి. లెక్కలోకి వచ్చేది అక్కడి ఫిర్యాదులే, గ్రూపులో వచ్చిన కోపం ఎమోజీలు కాదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లయితే అడ్వాన్స్ ఇవ్వకముందే ఛాసిస్ నంబర్ అడిగి తీసుకుని చూసుకోండి. పెండింగ్ ఉంటే బండి వదులుకోవాలని కాదు, చేయించి ఇమ్మనండి, లేదా ఆ మాట మీద ధర దించండి. ఆర్‌సీ పేరు మార్చుకోగానే పని అయిపోయిందనుకోకండి, కంపెనీ రికార్డులో మన ఫోన్ నంబర్ వేరేగా మార్పించాలి. నేను చేయనిది అదే. కస్టమర్ కేర్‌కి ఒక ఫోన్, ఆర్‌సీ ఫోటో ఒకటి పంపితే అయిపోయేది.

నా బండికి పైపు మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది, డబ్బులేం అడగలేదు. సాయంత్రం మొదటి ఓనర్‌కి ఫోన్ చేశాను. "అవునన్నా, రెండు మెసేజులు వచ్చాయి, బండి అమ్మేశాను కదా అని డిలీట్ చేశాను" అన్నాడు పాపం, తప్పేమీ అనిపించలేదు అతనికి. మీరు అమ్మేసిన బండికి అలాంటి మెసేజ్ వస్తే కొన్నవాళ్ల నంబర్‌కి ఫార్వర్డ్ చేయండి. నంబర్ లేకపోతే మధ్యలో ఉన్న డీలర్‌కైనా పంపండి.