డాక్టర్ రిజిస్ట్రేషన్ రద్దయిందేమో చూసుకోవడం ఎలా?

మెడికల్ కౌన్సిల్ ఒక డాక్టర్‌ను సస్పెండ్ చేస్తే ఆ వార్త పేపర్లో ఏదో మూలన వస్తుంది. క్లినిక్ బోర్డు మాత్రం అలాగే వేలాడుతుంటుంది. అందుకే ఈ సంగతి ఆరా తీయాల్సిన పని పేషెంటు మీదే పడుతోంది. ఫోన్లో కాసేపు వెతికితే తెలిసిపోతుంది.

1. ముందు నంబర్ సంపాదించండి

2002 నాటి వైద్య నియమావళి ప్రకారం డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్‌ను క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి. మందుల చీటీ, సర్టిఫికెట్, ఫీజు రసీదు మీద కూడా వేయాలి. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చి అదే నెలలో పక్కన పెట్టేశారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. నంబర్ కనిపించకపోతే రిసెప్షన్లో అడగండి, మొహమాటం అక్కర్లేదు. బోర్డు మీద ఆర్‌ఎంపీ (రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్) అని ఉంటే సరిపోదు. మన ఊళ్లలో డిగ్రీ లేకుండా సూదులు వేసేవాళ్లూ అదే రాసుకుంటారు.

2. రిజిస్టర్లో వెతకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో గానీ, దేశమంతటికీ ఉన్న నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్లో (డాక్టర్ల జాబితా) గానీ చూడొచ్చు. పేరుతో వెతికితే శ్రీనివాసరావులు కుప్పలుగా వస్తారు. నంబర్‌తో వెతికి తండ్రి పేరు, చదివిన యూనివర్సిటీ, పాసైన సంవత్సరం సరిపోల్చండి. వేరేవాళ్ల నంబర్ వాడేసుకునే ఘనులూ ఉన్నారు మరి.

కమిషన్ సైట్లోనే బ్లాక్‌లిస్ట్ అయిన డాక్టర్ల జాబితా విడిగా ఉంటుంది. అందులో పేరు ఉంటే ఏ తేదీ నుంచి, ఎంతకాలం అన్నది తప్పక చూడండి. ఆరు నెలల సస్పెన్షన్ ముగిశాక ఆయన ప్రాక్టీస్ చేసుకోవచ్చు, దాన్ని పట్టుకుని అల్లరి చేయకూడదు. ఐదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ మర్చిపోవడం కూడా వేరే సంగతి. ఆన్‌లైన్ వివరాలు కొన్నిసార్లు పాతవి ఉంటాయి కాబట్టి అనుమానం తీరకపోతే కౌన్సిల్ ఆఫీసుకే ఫోన్ చేయండి.

డెంటిస్టులకు డెంటల్ కౌన్సిల్, ఆయుర్వేద, హోమియో వాళ్లకు వాళ్ల బోర్డులు ఉంటాయి. హోమియో డిగ్రీతో అల్లోపతి మందులు రాయడమే నిర్లక్ష్యం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

3. రిజిస్టర్లో లేనివాళ్లు ఏం చేయకూడదు?

నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ చూడాలి. రిజిస్టర్లో పేరు లేనివాళ్లు వైద్యం చేయకూడదు, డాక్టర్ ఉద్యోగంలో ఉండకూడదు, మెడికల్ లేదా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టకూడదు, కోర్టులో వైద్య నిపుణుడిగా సాక్ష్యం చెప్పకూడదు. దాటితే ఏడాది వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రోజువారీ జీవితంలో ఎక్కువగా తగిలేది సర్టిఫికెట్ గొడవే. మీరు సెలవు కోసం ఆఫీసులో ఇచ్చిన కాగితం మీద అలాంటి సంతకం ఉందంటే దానికి విలువ ఉండదు, టెన్షన్ మీకే. కాబట్టి క్లినిక్ పేరు చూసి ఊరుకోకుండా కింద ఎవరు సంతకం పెట్టారో చూడండి.

4. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కౌన్సిల్ గానీ కమిషన్ గానీ అధికారం ఇచ్చిన అధికారి ఫిర్యాదు చేస్తేనే ఈ చట్టం కింద కోర్టు కేసు తీసుకుంటుంది. డబ్బు తీసుకుని మోసం చేశారనిపిస్తే పోలీసులకు విడిగా ఇవ్వొచ్చు, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది.

చీటీలు, రసీదులు, బోర్డు ఫోటో, రిజిస్టర్ పేజీ స్క్రీన్‌షాట్ జతచేయండి, తేదీ కనిపించాలి. ఆసుపత్రిలో చేరి ఉంటే కేసు షీటు కాపీ అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది.

కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే పైకి అప్పీలు చేసుకునే హక్కును చట్టం డాక్టర్‌కే రాసిపెట్టింది, పేషెంటుకు కాదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, అక్కడ గడువు రెండేళ్లు.