ఇంగ్లీష్‌లో 'బ్యాలెన్స్‌డ్' అనే మాటను ఏ మాటల పక్కన, ఎలా వాడాలి?

మా అక్క కూతురు ఇక్కడే అనంతపురంలో డిగ్రీ సెకండియర్ చదువుతోంది. పోయిన వారం ఇంగ్లీష్ అసైన్‌మెంట్ తెచ్చి నా ముందర పెట్టింది, ఆరోగ్యం మీద ఒకటిన్నర పేజీ వ్యాసం, అందులో 'బ్యాలెన్స్ డైట్' అని నాలుగు చోట్ల రాసింది, నాలుగు చోట్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చివర్లో ఒక 'డి' తగిలించి ఉంది. "మామా, ఈ డి యాడ్నుంచి వచ్చె? అందరూ బ్యాలెన్స్ డైట్ అనే కదా అంటాండేది" అని అడిగింది. మంచి ప్రశ్న. ఆ ఒక్క అక్షరం దగ్గర మొదలుపెట్టి ఇద్దరం గంటన్నర కూర్చున్నాం, ఆ రోజు ఏ వరసలో చేసినామో అదే వరసలో ఇక్కడ రాస్తున్నా. గ్రూప్స్‌కి, బ్యాంక్ పరీక్షలకి చదివేవాళ్ళకి, ఆఫీసులో ఇంగ్లీష్‌లో లెటర్లు రాయాల్సినవాళ్ళకి కూడా పనికొస్తుంది.

స్టెప్ 1: ముందు తక్కెడను గుర్తు తెచ్చుకోండి

'బ్యాలెన్స్‌డ్ అంటే సమతుల్యమైన' అని నోట్‌బుక్‌లో ఒక లైను రాసుకుంటే పని జరగదు, ఎందుకంటే అన్ని చోట్లా ఆ తెలుగు మాట అతకదు. మాట ఎక్కడ పుట్టిందో చూడండి. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చింది, లాటిన్‌లో 'బి' అంటే రెండు, 'లాంక్స్' అంటే తక్కెడ పళ్ళెం, అంటే రెండు పళ్ళేల తక్కెడ అన్నమాట. ఇప్పుడు మన సమతుల్యం చూడండి, దాంట్లో 'తుల' ఉంది, తుల అంటే కూడా త్రాసే, తులారాశి, తులాభారం అన్నీ ఆ మాటే. ఎక్కడో రోమ్ వాళ్ళు, ఇక్కడ మనవాళ్ళు, ఇద్దరూ ఈ భావానికి తక్కెడనే పట్టుకున్నారని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మా చిన్నప్పుడు అంగట్లో శెనక్కాయలు తూచేటప్పుడు శెట్టి ఎడం చేత్తో తక్కెడ పైకెత్తి, ఒక పక్క కేజీ రాయి, ఇంకో పక్క కాయలు పోస్తూ, చివర్లో గుప్పెడు కాదు, రెండు కాయలు, మళ్ళీ ఒక్క కాయ వేసి ముల్లు వైపే చూసేవాడు. ఆ ముల్లు ఎటూ వాలకుండా నిటారుగా నిలబడిన క్షణం ఉంది చూడండి, అదే బ్యాలెన్స్‌డ్. ఇప్పుడంతా ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చేసినాయి కాబట్టి ఈ కాలం పిల్లలకి ఆ ముల్లు తెలీదు, మీరే ఒకసారి చేత్తో పట్టి చూపించండి.

స్టెప్ 2: చివరి 'డి' వదలొద్దు

తెలుగులో మనం బ్యాలెన్స్ అంటే మిగిలింది అని వాడేస్తాం. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదంటాం, బస్సులో కండక్టర్ 'బ్యాలెన్స్ దిగేటప్పుడు తీస్కోండి' అని టికెట్ వెనకాల రాసిస్తాడు. అది నామవాచకం, వస్తువు పేరు. ఒక వస్తువు ఎట్లుందో చెప్పాలంటే మాత్రం డి రావాల్సిందే. బ్యాలెన్స్ షీట్, బ్యాంక్ బ్యాలెన్స్, వీటికి డి ఉండదు. బ్యాలెన్స్‌డ్ డైట్, బ్యాలెన్స్‌డ్ బడ్జెట్, వీటికి ఉంటుంది.

మరి అందరికీ 'బ్యాలెన్స్ డైట్' అనే ఎందుకు వినపడుతుంది? ఆ చివరి అక్షరం రాతలో డి గానీ పలకడంలో 'ట్' లాగా వస్తుంది, 'బ్యాలన్స్ట్' అన్నట్టు, ముందర స ఉండబట్టి. దాని వెంటనే డైట్‌లో ఉండే డ వస్తే ట్, డ రెండూ కలిసిపోయి ముందరి శబ్దం మింగుడు పడిపోతుంది. చెవికి వినపడదు, అందుకే చేతికి రాదు. పాపతో 'బ్యాలన్స్ట్ అప్రోచ్' అని పదిసార్లు అనిపించినాను, అచ్చు ముందర ట్ స్పష్టంగా పలుకుతుంది, ఆ తర్వాత డైట్ దగ్గర తనంతట తనే డి రాసింది.

దీనికి ఎదురు తప్పు నేనే చేసినా. మొదటి ఉద్యోగంలో ఒక డీలర్‌కి 'మిగిలిన డబ్బు కట్టండి' అని లెటర్ రాస్తూ 'బ్యాలెన్స్‌డ్ అమౌంట్' అని రాసి పంపినా, డి పెడితే ఇంకా మంచి ఇంగ్లీష్ అనుకుని. మిగిలిన డబ్బుకి మన దేశంలో 'బ్యాలెన్స్ అమౌంట్' అంటారు, బయట దేశాలవాళ్ళకి రాసేటప్పుడు 'రిమైనింగ్ అమౌంట్' అనో, ఉత్త 'ద బ్యాలెన్స్' అనో రాస్తే సరిపోతుంది.

స్టెప్ 3: వెనకాల వచ్చే మాటలను కుప్పలు పోసుకోండి

అసలు పని ఇక్కడుంది, టైమ్ తీసుకోండి. తెలుగులో కారుచీకటి అంటాం, కారుఎండ అనం, ఎండకి మండుటెండ అంటాం. ఎవరూ నేర్పలేదు, మాటలు జతగానే నోటికొచ్చినాయి. ఇంగ్లీష్‌లో కూడా అంతే, దాన్నే వాళ్ళు కొలొకేషన్ అంటారు. కాబట్టి బ్యాలెన్స్‌డ్‌ని ఒంటరిగా కాకుండా జతగా నేర్చుకోవాలి, ఒక్కో జతకి తెలుగు ఒక్కోలా మారుతుంది.

ఒక కుప్పలో రెండు పక్కలా లెక్క సరిగ్గా సమానం కావాల్సినవి. బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ అంటే రాబడి, ఖర్చు సమానం, లోటు బడ్జెట్ కాదు, మిగులు బడ్జెట్ కాదు. 'అందరికీ న్యాయం చేసిన బడ్జెట్' అని అర్థం చెప్పుకుంటే పరీక్షలో మార్కు పోతుంది. కెమిస్ట్రీలో బ్యాలెన్స్‌డ్ ఈక్వేషన్ కూడా ఇంతే, రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు, రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టండి, హైడ్రోజన్ నాలుగు, ఆక్సిజన్ రెండు, సరిపోయింది.

రెండో కుప్ప దీనికి పూర్తిగా వేరు, ఇక్కడే చాలామంది పడిపోతారు. బ్యాలెన్స్‌డ్ డైట్‌లో సమానం అనే మాటే లేదు, ఏది ఎంత కావాలో అంత ఉండటం. మన పళ్ళెంలో సంగటి ముద్ద ఎంత ఉంటే పప్పూ అంతే, ఊరిబిండీ అంతే, నెయ్యీ అంతే అంటే తినగలమా? హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, వాళ్ళు ఇచ్చిన పళ్ళెం బొమ్మలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉంటాయి, మిగతా సగంలో ధాన్యాలు, పప్పులు, పాలు లాంటివి. బ్యాలెన్స్‌డ్ టీమ్ కూడా ఈ కుప్పే, బ్యాటర్లు, బౌలర్లు, కీపర్ ఎవరెంతమంది కావాలో అంతమంది, కీపర్లు నలుగురు అక్కర్లేదు కదా. ఎరువుల దగ్గర ఒక తమాషా ఉంది. ఇంగ్లీష్ తోటపని పుస్తకాల్లో బ్యాలెన్స్‌డ్ ఫెర్టిలైజర్ అంటే ఎక్కువగా నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలూ సమానంగా ఉండే సంచి, మన అంగళ్ళలో 17-17-17 బస్తా ఉంటుంది చూడండి అట్లాంటిది. అదే మన వ్యవసాయ అధికారులు సమతుల ఎరువులు వాడండి అన్నప్పుడు భూసార పరీక్ష చేయించి పైరుకి ఏది ఎంత కావాలో అంత వేయమని. మాట ఒకటే, కుప్పలు రెండు. శెనగ చేను వేసేవాళ్ళకి ఈ తేడా తెలియకపోతే డబ్బులు కూడా పోతాయి.

మూడో కుప్పలో బ్యాలెన్స్‌డ్ వ్యూ, బ్యాలెన్స్‌డ్ రిపోర్ట్, బ్యాలెన్స్‌డ్ జడ్జ్‌మెంట్. వీటికి సమతుల్యం అని రాస్తే తెలుగు ఏడుస్తుంది, 'రెండు వైపులా విని చెప్పిన మాట', 'ఏకపక్షం కాని రిపోర్టు' అని రాయండి. మనిషికి వాడితే నిలకడ గల మనిషి.

స్టెప్ 4: ముందర ఏ మాట పెట్టాలో చూసుకోండి

'గుడ్ బ్యాలెన్స్‌డ్' అనకూడదు, 'వెల్ బ్యాలెన్స్‌డ్' అనాలి. నామవాచకం ముందర వస్తే మధ్యలో చిన్న గీత పెడతారు, 'ఎ వెల్-బ్యాలెన్స్‌డ్ టీమ్', వాక్యం చివరకి పోతే గీత అక్కర్లేదు, 'ద టీమ్ ఈజ్ వెల్ బ్యాలెన్స్‌డ్'. 'ఈవెన్లీ బ్యాలెన్స్‌డ్' అంటే ఇద్దరి బలమూ సమానం. 'ఫైన్లీ బ్యాలెన్స్‌డ్' అంటే ఆట కానీ కేసు కానీ అటు పోతుందో ఇటు పోతుందో చెప్పలేం, ఒక్క కాయ వేస్తే ముల్లు వాలిపోతుంది. 'డెలికేట్లీ' అంటే కొంచెం కదిపితే చెడిపోయేంత సున్నితంగా, చెరువులు, అడవులు, పక్షుల గురించి రాసేటప్పుడు ఇది బాగా వస్తుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'ప్రికేరియస్లీ బ్యాలెన్స్‌డ్'. గుత్తి నుంచి అనంతపురం వచ్చేటప్పుడు కిటికీలోంచి గుట్టల వైపు చూడండి, ఒక గుండు మీద ఇంకో గుండు, ఇప్పుడు దొర్లుతుందేమో అన్నట్టు అంచున నిలబడి ఉంటుంది, అదే ఈ జతకి అర్థం. భూగర్భ శాస్త్రవేత్తలు అట్లాంటి రాళ్ళకి ఇదే పేరు పెట్టి, ఆ రాయి పడిపోకుండా ఉందంటే అక్కడ ఎంత పెద్ద భూకంపం వచ్చి ఉండదో లెక్క కడతారు. పాపకి ఇది చెప్పినప్పటినుంచి ఆ మాట మర్చిపోలేదు.

స్టెప్ 5: ఆ తర్వాత వచ్చే చిన్న మాటలు

తల మీద బిందె నిలబెట్టుకుని నడిచే ఆమెకి 'ఎ పాట్ బ్యాలెన్స్‌డ్ ఆన్ హర్ హెడ్', ఇక్కడ 'ఆన్'. ఫ్యాక్టరీ అవసరాన్ని తాగునీటి అవసరంతో తూచి చూడాలి అన్నప్పుడు 'బ్యాలెన్స్‌డ్ అగైన్‌స్ట్', ఇక్కడ 'విత్' పెట్టే అలవాటు మనకుంది, తెలుగులో 'తో' అంటాం కాబట్టి, అగైన్‌స్ట్ వాడితే ఎదుటి పళ్ళెంలో పెట్టి తూచినట్టు ఉంటుంది. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చితే 'బై', నాయన కోపాన్ని అమ్మ నెమ్మది సరిచేసినట్టు.

స్టెప్ 6: వ్యతిరేకం

విశేషణానికి 'అన్‌బ్యాలెన్స్‌డ్', నామవాచకానికి 'ఇంబ్యాలెన్స్', హార్మోన్ ఇంబ్యాలెన్స్ అంటాం కదా అట్లా. ఒక్క జాగ్రత్త, అన్‌బ్యాలెన్స్‌డ్ అనే మాటను మనిషికి వాడితే మతి స్థిమితం లేదన్నట్టు వినిపిస్తుంది, ఎవరి గురించీ అట్లా రాయకండి.

స్టెప్ 7: జతల పుస్తకం

వంద పేజీల నోట్‌బుక్ చాలు. ఇంగ్లీష్ పేపర్ చదివేటప్పుడు బ్యాలెన్స్‌డ్ కనపడితే దాని ముందర మాట, వెనకాల మాట రెండూ కలిపి రాసుకోండి, ఎదురుగా ఆ వాక్యానికి మీ ఇంట్లో మాట్లాడే తెలుగు రాయండి, డిక్షనరీ తెలుగు కాదు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర 1852లో తెలుగు నిఘంటువు అచ్చేసినప్పుడు ఉత్త అర్థాలు ఇచ్చి ఊరుకోలేదు, చాలా మాటలకి వాడుక వాక్యాలు కూడా ఇచ్చినాడు, ఆయన పేరు మీద కడపలో ఉన్న భాషా పరిశోధన కేంద్రానికి పోతే ఒకసారి ఆ పద్ధతి చూడండి.

వారానికి ఐదు జతలు మించొద్దు. మా పాప మొదటి వారం నాలుగే రాసింది, నాలుగోదాని ఎదురుగా తెలుగు ఇట్లా రాసుకుంది: "ఫైన్లీ బ్యాలెన్స్‌డ్ మ్యాచ్ – శెట్టి చేతిలో ఇంకా ఒక కాయ ఉంది."