ర్యాప్ పాటకు వీడియో తీయడం ఎలా? వరంగల్‌లో మొదలుపెట్టేవారికి

హనుమకొండలో నేను తీసిన మొదటి ర్యాప్ వీడియో విడుదలే కాలేదు. రెండు రోజులు చెమటోడ్చి తీశాక, పాడిన కుర్రాడు స్టూడియోకు వెళ్లి పాటను మళ్లీ పాడి వచ్చాడు. మాటలు అవే, వేగమూ అదే. ఊపిరి తీసుకునే చోట్లు మాత్రం మారాయి. పాట సాగుతుంటే తెర మీద పెదవులు మూసుకునేవి. అందుకే ఆఖరి మిక్స్, అంటే గొంతూ సంగీతమూ కలిపిన పూర్తి పాట, చేతికి వచ్చేవరకు కెమెరా బయటికి తీయకండి. పాట వెనక వినిపించే సంగీతాన్ని (దీన్నీ బీటు అనే అంటారు) వాడుకునే హక్కు ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. లేకపోతే యూట్యూబ్‌లో పెట్టాక పాట ఆదాయం వేరొకరికి వెళ్లిపోవచ్చు.

పాటను కాగితం మీద కొలవండి

నిమిషానికి 90 బీట్ల పాట అనుకుందాం. నాలుగు బీట్లు ఒక బార్, అంటే సుమారు 2.67 సెకన్లు. ర్యాప్‌లో చరణం తరచుగా 16 బార్లు ఉంటుంది కాబట్టి దాదాపు 43 సెకన్లు పడుతుంది. బార్‌కు ఒక వరస చొప్పున సాహిత్యం రాసుకుని, పక్కన ఏం కనిపించాలో రాయండి. వరసకో షాటు మార్చేవారున్నారు, నాకది నచ్చదు. గాయకుడు గుక్క తిప్పుకోకుండా ఆరు వరసలు అన్నాడంటే ఆ ఆరూ ఒకే షాటులో ఉండాలి. మధ్యలో కత్తిరిస్తే అతని ఊపిరి ఎంతసేపు నిలిచిందో చూసేవారికి తెలియదు. ర్యాప్‌లో సగం బలం అక్కడే ఉంది.

చోటును పాటనే అడగండి

వరంగల్ అనగానే అందరి చూపూ కోటలోని కీర్తి తోరణాల మీదకే పోతుంది. కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప మూడూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ వీడియో చిత్రీకరణకు ముందస్తు అనుమతి కావాలి. పాటలో ఆ ఊసే లేనప్పుడు వెనకాల తోరణం నిలబెడితే పర్యాటక శాఖ ప్రకటనలా ఉంటుంది. కాజీపేటలో రైలు పట్టాల మీద నడిచే షాటు అసలే వద్దు. అది నేరం, పైగా ప్రాణాలతో చెలగాటం.

పంట గురించో కూలి గురించో పాట ఉంటే ఎనుమాముల మార్కెట్ ఉంది. ఎండలు ముదిరే నెలల్లో మిర్చి రాశులు కంటి నిండా ఎరుపే. మార్కెట్ అధికారుల అనుమతి తీసుకోండి, హమాలీల దారికి అడ్డం రాకండి. ఒక్క మాట: ఆ ఘాటుకు మీ గాయకుడు రెండో వరసలోనే దగ్గుతాడు. అక్కడ అతని ముఖం షాట్లను ముందుగా తీసుకుని, రాశులను తర్వాత తీరిగ్గా తీసుకోండి.

చిత్రీకరణ రోజు

స్పీకరులో పాట గట్టిగా పెట్టండి, కెమెరా మైకును ఆపేయకండి. ఎడిటింగ్‌లో పాటను బొమ్మతో కలపడానికి ఆ ముతక శబ్దమే ఆధారం. పాట మొత్తాన్ని దూరం నుంచి, నడుము వరకు, ముఖం దగ్గరగా మూడుసార్లు తీస్తే సగం పని అయినట్టే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెడితే మినుకుమినుకు రాదు.

పెదవులు పాటతో కలవాలి, ఒళ్లు మాత్రం నెమ్మదిగా కదలాలి అంటే 50 ఫ్రేములతో తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వినిపించి పాడించండి. 25 ఫ్రేములతో ఆడిస్తే పాట మామూలు వేగానికి వస్తుంది. చరణాన్ని అంత వేగంతో అనడం నోటికి సాధ్యం కాదు, పల్లవి వరకే ప్రయత్నించండి.

1990ల్లో అమెరికా దర్శకుడు హైప్ విలియమ్స్ అంచుల్ని వంచి చూపే చేప కన్ను (ఫిష్‌ఐ) లెన్సును ర్యాప్ వీడియోలకు గుర్తుగా మార్చాడు. ఫోనులోని వైడ్ లెన్సుతో ఆ ఛాయ కొంత తేవచ్చు. ఫోనును నడుము ఎత్తులో, మూర దూరంలో పెట్టి, ముఖం నడిమధ్య ఉండేలా చూడండి. అంచులకు జరిగితే ముఖం సాగిపోతుంది.

పని, పేరు, డబ్బు

పెళ్లి వీడియోలు తీసినవారిని నేను ముందు నమ్ముతాను. తాళి రెండోసారి కట్టమని అడగలేరు కాబట్టి వారి చెయ్యి తడబడదు. ఎడిటింగ్‌కు డావిన్చి రిసాల్వ్ ఉచిత రూపం చాలు. మొదటి పాటకు పారితోషికం లేకపోయినా పరవాలేదు కానీ, ప్రయాణం, భోజనం ఖర్చులు గాయకుడే పెట్టుకోవాలి. రెండో పాట నుంచి సగం ముందుగా తీసుకోండి. వీడియోలోనూ కింది వివరాల్లోనూ దర్శకుడిగా మీ పేరు ఉండాలని పట్టుబట్టండి. ర్యాప్ వీడియోలతో పేరు తెచ్చుకున్న ఎఫ్. గ్యారీ గ్రే 1995లో సినిమా దర్శకుడయ్యాడు. పేరే లేని వీడియో చూసి ఎవరూ వెతుక్కుంటూ రారు.

మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి డబ్బు అని ముందే కాగితం మీద రాసుకోండి. "అన్నా, నా పేరు కొంచెం పెద్దగా వేయవా" అనే ఫోను రాత్రి పదకొండింటికే వస్తుంది.