రెలుపులు మొదలయ్యేలోపే మెడ సంగతి చూసుకోండి

సంక్రాంతి అటూ ఇటూగా కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు పొగాకు రెలుపులు, అంటే ఆకు కోతలు, ఊపందుకుంటాయి. వాటితో పాటే మెడనొప్పులూ. కర్రలకు ఆకు కట్టే ఆడవాళ్లు గంటల తరబడి తల వంచే ఉంటారు. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో కర్రలు పైకి అందించేవాళ్లకు చేతులు దించే తీరికే ఉండదు. ఇద్దరికీ పట్టేసేది ఎక్కువగా ఒకే కండరం: మెడ వెనక నుంచి భుజం మీదుగా రెక్క ఎముక దాకా పరుచుకున్న ట్రపీజియస్. భుజం పైన తడిమితే గట్టిగా వేలికి తగిలి, నొక్కితే కణత దాకా లాగుతుందే, అదే.

దీనికి చేత్తో చేసే వైద్యం బాగానే పనికొస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి చేయించుకుని పద్ధతి నేర్చుకుంటే ఇంట్లోవాళ్లే చేయొచ్చు. గట్టిపడ్డ చోట బొటనవేలితో నిదానంగా నొక్కి, అర నిమిషం నుంచి నిమిషం దాకా పట్టి ఉంచి వదలాలి. ఆ తర్వాత మెడను రెండో వైపుకు మెల్లగా వంచాలి. ఊపిరి బిగపట్టేంత నొప్పి పుట్టిందంటే నొక్కుడు ఎక్కువైనట్టే. మర్నాడు కాస్త సలుపు మామూలే. రెండు రోజులైనా తగ్గకపోతే మళ్లీ నొక్కించుకోకండి. గొంతు పక్కన నాడి కొట్టుకునే చోట మాత్రం ఎవరినీ చెయ్యి వేయనివ్వొద్దు.

నా భయమంతా సెలూన్ కుర్చీ గురించే. క్షవరం అయ్యాక తల పట్టుకుని టక్కుమని తిప్పుతారు. హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల గుండానే పోతాయి. ఆ విసురుకు లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే గానీ, వస్తే చాలా ప్రమాదం. "అన్నా, తల తిప్పొద్దు" అని కూర్చోగానే చెప్పేయండి.

కీళ్లవాతం, ఎముకల బలహీనత ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా మర్దనకు పోవద్దు. షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లకు కాపడం వేడి తెలియక బొబ్బలెక్కుతుంది.

ఇంకోటి. మంచుకు తడిసిన పచ్చాకు రెలిచాక తలనొప్పి, తల తిరగడం, వాంతులు వస్తే మెడ పిసికించుకోకండి. అది చర్మం గుండా ఒంట్లోకి దిగిన నికోటిన్ పని. తడి బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని, నీడన కూర్చోవాలి. వాంతులు ఆగకపోతే ఆస్పత్రికి పోవాలి.

వేళ్లు మొద్దుబారినా, పట్టు తప్పి కర్ర జారిపోతున్నా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అది మర్దనకు లొంగేది కాదు, డాక్టరుకు చూపించండి. నొప్పి ఎడమ జబ్బలోకి లాగుతూ చెమటలు పట్టి గుండె బరువెక్కినా, మాట తడబడినా నూనె సీసా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.